పులుసు వేడెక్కాలి, గిన్నె కాదు: మైక్రోవేవ్ ఓవెన్‌లో ఏ పాత్ర, ఎందుకు

వండిన చేపల పులుసును మరునాడు వేడిచేసుకుని తినడం గోదావరి డెల్టాలో ఒక ముచ్చట. పులస అయితే మరీను. మరునాటికి గాని ఉప్పూ పులుపూ ముక్కకు పట్టవని ఇక్కడివారి మాట. ఆ పులుసును మూడు గిన్నెల్లోకి సమానంగా తీసి, ఒకదాని తరువాత ఒకటిగా మైక్రోవేవ్ ఓవెన్‌లో రెండేసి నిమిషాలు ఉంచితే, ఒకే యంత్రం మూడు రకాలుగా పనిచేసినట్టు కనిపిస్తుంది. లోతైన స్టీలు గిన్నెలో పైపైన మాత్రమే కాస్త వేడెక్కి, అడుగున పులుసు చల్లగానే ఉండిపోతుంది. మెలమైన్ గిన్నెలో పులుసు గోరువెచ్చగా ఉంటుంది గాని, గిన్నెను మాత్రం చేత్తో పట్టుకోలేము. గాజు గిన్నెలో పులుసు పొగలు కక్కుతుంది, అంచు మాత్రం చెయ్యి ఓర్చుకునేంత వేడితోనే ఉంటుంది. ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే, ఏవి పెట్టవచ్చో ఏవి పెట్టకూడదో చెప్పే పట్టికలను కంఠస్థం చేయనక్కరలేదు.

పొయ్యి మీద మంట గిన్నెను వేడిచేస్తుంది, గిన్నె తనలోని పదార్థాన్ని వేడిచేస్తుంది. అందుకే దళసరి అడుగున్న ఇత్తడి గిన్నె, సెగను నిలుపుకునే ఇనప మూకుడు, నిదానంగా కాగే మట్టి దాక మన వంటింట్లో పేరు తెచ్చుకున్నాయి. తరతరాలుగా మనకు మంచి పాత్ర అంటే వేడిని బాగా అందుకునే పాత్ర. మైక్రోవేవ్‌లో ఈ లెక్క తలకిందులవుతుంది. ఇక్కడ మంచి పాత్ర అంటే తానేమీ అందుకోకుండా, తరంగాలను దారి విడిచి పదార్థం దాకా పోనిచ్చే పాత్ర. పొయ్యి దగ్గర నేర్చుకున్న తెలివితేటలను ఓవెన్ దగ్గర కూడా వాడబోవడం వల్లనే ఎక్కువ పొరపాట్లు జరుగుతున్నాయని నా అభిప్రాయం.

ఈ యంత్రానికి గుండెకాయ వంటిది, ఆ తరంగాలను పుట్టించే మాగ్నెట్రాన్ అనే గొట్టం. రెండో ప్రపంచయుద్ధంలో రాడార్ల కోసం 1940లో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో జాన్ రాండల్, హ్యారీ బూట్ దీనికి ఒక శక్తిమంతమైన రూపం ఇచ్చారు. 1945లో అమెరికాలోని రేథియాన్ సంస్థ ఇంజనీరు పెర్సీ స్పెన్సర్, పనిచేస్తున్న మాగ్నెట్రాన్ దగ్గర నిలబడి ఉండగా తన జేబులోని మిఠాయి కరిగిపోవడం గమనించారు. రెండేళ్లలో అది మనిషెత్తు వంట యంత్రమై బజారులోకి వచ్చింది. ఇళ్లలో వాడే ఓవెన్ల తరంగాలు 2.45 గిగాహెర్ట్జ్ పౌనఃపున్యంతో ఉంటాయి, అంటే వాటి విద్యుత్ క్షేత్రం సెకనుకు 245 కోట్ల ఆవృత్తులు చేస్తుంది. నీటి అణువుకు ఒక వైపు కొద్దిగా ధనావేశం, మరొక వైపు రుణావేశం ఉండడం వల్ల, అది క్షేత్రం తిరిగినప్పుడల్లా దానితోపాటు తిరగబోయి పక్క అణువులను ఒరుసుకుంటుంది; ఆ ఒరిపిడే వేడి. నీటి అణువు సహజంగా ఊగే పౌనఃపున్యం ఇదేనని, అందుకే దీనిని ఎంచుకున్నారని తరచుగా చెబుతుంటారు గాని అది నిజం కాదు. పరిశ్రమలకు, వైద్యానికి కేటాయించిన తరంగాల పట్టీలో ఇది ఉండడమే ముఖ్య కారణం.

దీనితో ముడిపడిన మరో అపోహ, మైక్రోవేవ్ పదార్థాన్ని లోపలి నుంచి బయటికి ఉడికిస్తుందన్నది. తరంగాలు సాధారణంగా రెండు మూడు సెంటీమీటర్ల లోతుకు వెళ్లేసరికే చాలావరకు ఖర్చైపోతాయి. అంతకు మించిన లోతుకు వేడి చేరాలంటే అది మామూలు పద్ధతిలో, పదార్థం గుండా నిదానంగా పాకవలసిందే. పైగా ఓవెన్ గోడల మధ్య తరంగాలు ఎదురుబొదురుగా కొట్టుకోవడం వల్ల, కొన్ని చోట్ల బలంగా, కొన్ని చోట్ల దాదాపు శూన్యంగా ఉంటాయి. తరంగం పొడవు సుమారు 12 సెంటీమీటర్లు కనుక రెండు బలమైన చోట్ల మధ్య దూరం ఆరు సెంటీమీటర్ల దాకా ఉంటుంది. తిరిగే గాజు పళ్లెం ఉన్నది ఈ హెచ్చుతగ్గులను సర్దడానికే. మధ్యలో ఒకసారి ఆపి కలపడం, అన్నాన్ని గుట్టగా పోయకుండా నడుమ గుంట చేసి అంచుల వెంట పరచడం, ఓవెన్ ఆగాక రెండు నిమిషాలు అలాగే ఉంచడం, ఇవన్నీ అందులో భాగమే.

మంచు సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి, ఎందుకంటే భీమవరం చుట్టుపక్కల చెరువుల రొయ్యలు డీప్ ఫ్రీజర్‌లో లేని ఇల్లు మన వైపు తక్కువ. మంచుగడ్డలో నీటి అణువులు బిగుసుకుని ఉండడం వల్ల అవి తరంగాలను చాలా తక్కువగా గ్రహిస్తాయి, కరిగిన నీరు మాత్రం అనేక రెట్లు ఎక్కువగా గ్రహిస్తుంది. అందువల్ల గడ్డకట్టిన రొయ్యల ముద్దను పూర్తి శక్తితో పెడితే, అంచున ముందు కరిగిన నాలుగు రొయ్యలు ఉడికి రబ్బరులా సాగుతుంటే నడుమ ముద్ద ఇంకా రాయిలా ఉంటుంది. డీఫ్రాస్ట్ మీట ఓవెన్‌ను విడతలు విడతలుగా వెలిగించి ఆర్పుతూ, ఆ విరామంలో వేడి మంచులోకి పాకేందుకు వ్యవధి ఇస్తుంది. అలా కరిగించిన రొయ్యలను మళ్లీ ఫ్రీజర్‌లో పెట్టకుండా వెంటనే వండేయాలి.

ఇక పాత్రలు. ప్రతి పాత్రనూ మూడు ప్రశ్నలు అడగవచ్చు: తరంగాలను పోనిస్తుందా, తానే తాగేస్తుందా, లోపలి పదార్థం తిరిగి ఇచ్చే వేడికి ఓర్చుకుంటుందా.

మొదటి ప్రశ్నలోనే తప్పేవి లోహాలు. స్టీలు, సత్తు, ఇత్తడి, కంచు, రాగి అన్నీ తరంగాలను అద్దంలా వెనక్కి తిప్పికొడతాయి, అందుకే మన స్టీలు గిన్నెలోని పులుసుకు పై నుంచి మాత్రమే వేడి అందింది. లోహం పెట్టగానే ఓవెన్ పేలిపోతుందనేది మాత్రం అతిశయోక్తి. ఓవెన్ లోపలి గోడలే లోహపువి. నున్నని దళసరి లోహం కన్నా ప్రమాదం పలచని అంచుల దగ్గర, మొనల దగ్గర, ముడతల దగ్గర ఉంటుంది. అక్కడ విద్యుత్ క్షేత్రం పోగుపడి నిప్పురవ్వలు లేస్తాయి. ఫోర్కు మొనలు, నలిగిన అల్యూమినియం రేకు, పార్సిల్ కవరుకు కొట్టిన స్టేప్లర్ పిన్ను, బిర్యానీ వచ్చే వెండిరంగు సంచి ఈ కోవలోవే. మా ఇంట గృహప్రవేశానికి వచ్చిన కప్పులకు సన్నని బంగారు అంచు ఉండేది. అందులో ఒకదానిలో పాలు పెట్టిన పది సెకన్లకే ఆ అంచు వెంట నీలి రవ్వలు పరుగెత్తి, గీత నల్లబడిపోయింది. కప్పు పింగాణీదే, దోషం అంచుది.

మరో రెండు మాయలు మన ఇళ్లలో ఉన్నాయి. ఒకటి, పింగాణీ అనే మాటను మనం అసలు పింగాణీకీ, ఇనపరేకు మీద ఎనామిల్ పూసిన పళ్లేలకూ కూడా వాడుతాము. అంచున ఎక్కడో పెచ్చు లేచి నల్లగా కనిపించే పాతకాలపు తెల్ల పళ్లెం రెండో రకం. దానికి అయస్కాంతం అతుక్కుంటే ఓవెన్‌లోకి పంపకూడదు. రెండవది హాట్‌ప్యాక్. బయట ప్లాస్టిక్కే కనిపిస్తుంది గాని లోపల స్టీలు, నడుమ నురగ ఉంటాయి. చపాతీలు చల్లారాయని దానిని అలాగే ఓవెన్‌లో దూర్చేవారు ఉన్నారు.

రెండవ ప్రశ్నలో తప్పేది మెలమైన్. పెళ్లిళ్లలో, కాకా హోటళ్లలో, ఇళ్లలో రంగురంగుల పూలతో కనిపించే ఆ పళ్లేలు చూడడానికి పింగాణీలా ఉన్నా, అవి మెలమైన్, ఫార్మాల్డిహైడ్‌లతో చేసిన గట్టి ప్లాస్టిక్కు. అవి తరంగాలను తాగి తామే వేడెక్కుతాయి. వేడికి తోడు పులుపు తగిలితే ఈ రసాయనాలు కొంత పదార్థంలోకి దిగుతాయి. చింతపండు లేని కూరే అరుదైన మన డెల్టా భోజనానికి ఇంతకన్నా సరిపడని పాత్ర లేదు. వడ్డనకు వాడుకోవడంలో ఇబ్బంది లేదు, వేడిచేయడానికి మాత్రం వద్దు.

మట్టి దాకల విషయంలో చాలామందికి ఆశ్చర్యం కలుగుతుంది, మట్టి సహజమైనది కదా అని. మట్టికి సన్నని రంధ్రాలుంటాయి, కడిగినప్పుడల్లా నీరు పీల్చుకుంటుంది, ఆ నీరు ఓవెన్‌లో పులుసుతో పోటీపడి వేడెక్కుతుంది. ఒక్కోసారి ఆవిరి ఒత్తిడికి దాక పగులుతుంది కూడా. కట్టెల పొయ్యి మీద దాకలో వండిన పులస రుచిని కాదనేవారు లేరు. కాని మరునాడు ఓవెన్‌కు వెళ్లేటప్పుడు అది గాజు గిన్నెలోకి మారాలి. ఊరగాయ జాడీలు, మెరుపు పూత వేసిన కప్పులు కూడా పూతను బట్టి, అడుగున పూత లేని వలయాన్ని బట్టి వేడెక్కవచ్చు. అనుమానం తీర్చుకోవడానికి సులువైన పరీక్ష ఉంది. లోహం లేదని రూఢి చేసుకున్న ఖాళీ పాత్రను, దాని పక్కన వేరే గాజు కప్పులో నీళ్లను ఉంచి, పూర్తి శక్తితో ఒక నిమిషం తిప్పాలి. నీళ్లు వేడెక్కి పాత్ర చల్లగా ఉంటే అది పనికివస్తుంది, పాత్రే వేడెక్కితే పక్కన పెట్టాలి. పక్కన నీళ్లు తప్పనిసరి. ఖాళీ ఓవెన్‌ను తిప్పితే గ్రహించే పదార్థం లేక తరంగాలు మాగ్నెట్రాన్ మీదికే మళ్లి దానిని పాడుచేస్తాయి.

మూడవ ప్రశ్న గాజునూ ప్లాస్టిక్కునూ అడగవలసినది. బోరోసిల్ అనేది ఒక కంపెనీ పేరైనా, మన వాడుకలో వేడికి తట్టుకునే గాజు అంతటికీ అదే పేరు స్థిరపడింది. అది బోరోసిలికేట్ గాజు; మామూలు గ్లాసుల గాజుతో పోలిస్తే వేడికి మూడోవంతు మాత్రమే వ్యాకోచిస్తుంది కనుక, ఒక వైపు వేడి ఒక వైపు చల్లదనం ఉన్నా సులువుగా పగలదు. సులువుగా పగలదంటే అసలు పగలదని కాదు. ఫ్రిజ్‌లోంచి తీసిన గిన్నెను అప్పటికే కాగిన ఓవెన్‌లో పెట్టడం, వేడి గిన్నెను తడి గ్రానైట్ గట్టు మీద దించడం, గీతలు పడిన గిన్నెను ఇంకా వాడడం, ఈ మూడింటితో మంచి గాజు కూడా పగులుతుంది. బుడగలున్న గాజు, కాఫీ గ్లాసులు, జామ్ సీసాలు ఈ పనికి రావు.

ప్లాస్టిక్ డబ్బా అడుగున త్రికోణంలో ఉండే అంకె అది ఏ రకం ప్లాస్టిక్కో చెబుతుందే గాని ఓవెన్‌కు అనుమతి ఇవ్వదు. 1 అంకె గల నీళ్ల సీసా రకం వేడికి త్వరగా మెత్తబడుతుంది. 6 అంటే పాలీస్టైరీన్, థర్మకోల్ పళ్లెం అదే. ఓవెన్ కోసం చేసే డబ్బాలు ఎక్కువగా 5 అంకె గల పాలీప్రొపిలీన్‌తో ఉంటాయి, అయినా మైక్రోవేవ్ గుర్తు విడిగా ఉండాలి. ఆ గుర్తు ఉన్నా ఒక చిక్కు మిగులుతుంది. నీళ్ల పదార్థం మరిగినా 100 డిగ్రీలకు మించదు, నూనె, పాకం మాత్రం ఆ హద్దు దాటిపోతాయి. పైన నూనె తేలే గోంగూర మాంసం పెట్టిన డబ్బాలో నూనె అంచు తగిలినచోట గరుకుగా, ఎర్రగా మరకపడి ఉండడం మనం చూసేదే. అక్కడ ప్లాస్టిక్కు దెబ్బతిన్నట్టు. ఆహారాన్ని తాకే ప్లాస్టిక్కు నుంచి కిలో ఆహారంలోకి మొత్తం 60 మిల్లీగ్రాములకు మించి దిగకూడదని 2018 నాటి ఆహార ప్యాకేజింగ్ నిబంధనలు చెబుతున్నాయి. పదిసార్లు కాగి గీతలు పడిన డబ్బాను ఎవరూ మళ్లీ పరీక్షించరు. కర్రీ పాయింట్ నుంచి వచ్చిన కూరను తెచ్చుకోవడానికి ప్లాస్టిక్కు, వేడిచేయడానికి గాజు అని ఇంట్లో ఒక నియమం పెట్టుకుంటే ఈ తర్కమంతా తప్పుతుంది. పసిపిల్లల పాలసీసా విషయంలో ఈ నియమానికి మరో కారణం కూడా ఉంది: సీసా చల్లగా ఉన్నా పాలు ఒకచోట నోరు కాలేంత వేడెక్కి ఉండవచ్చు. వాటిని వేడినీళ్లలో ఉంచి వెచ్చబరచడమే మేలు.

ఆకులకు భయపడనక్కరలేదు. కోనసీమలో పనసాకుల బుట్టల్లో ఉడికించే పొట్టిక్కలను ఆకుతో సహా, కాసిని నీళ్లు చిలకరించి అర నిమిషం వేడిచేయవచ్చు. అరిటాకు ముక్క ఇడ్లీల మీద మూతగా చక్కగా పనికివస్తుంది. ఎండిన అడ్డాకు ఎక్కువసేపు ఉంచితే మాడుతుంది. వెండిరేకు అంటించిన పేపరు ప్లేట్లు, అచ్చుసిరా ఉన్న వార్తాపత్రిక కాగితం మాత్రం పనికిరావు.

ఇంత చెప్పిన తరువాత కూడా ఒక పెద్ద గందరగోళం మిగిలే ఉంటుంది, ఎందుకంటే నేడు మన ఊళ్లలో అమ్ముడుపోతున్న ఓవెన్లలో చాలావరకు ఒకే పెట్టెలో మూడు యంత్రాలు ఉన్నాయి. మైక్రోవేవ్ మీట నొక్కితే తరంగాలు, గ్రిల్ నొక్కితే పైన ఎర్రగా కాలే కడ్డీ, కన్వెక్షన్ నొక్కితే 200 డిగ్రీల వేడిగాలి. పాత్ర నియమం పెట్టెకు కాదు, మీటకు వర్తిస్తుంది. మైక్రోవేవ్‌లో భేషుగ్గా పనిచేసిన ప్లాస్టిక్ డబ్బా కన్వెక్షన్‌లో కరిగి ముద్దవుతుంది. మైక్రోవేవ్‌కు పనికిరాని లోహపు పళ్లెం కన్వెక్షన్‌లో కేకుకు సరైన పాత్ర. ఓవెన్‌తోపాటు వచ్చిన ఇనప స్టాండును ఏయే మీటలతో వాడవచ్చో ఆ ఓవెన్ పుస్తకమే చెప్పాలి. దిబ్బరొట్టె పెచ్చు కరకరలాడాలని మైక్రోవేవ్ మీట నొక్కేవారికి నిరాశ తప్పదు, అక్కడ గాలి చల్లగానే ఉంటుంది కనుక రొట్టె మెత్తబడుతుందే గాని వేగదు. అప్పడాలు మాత్రం నూనె లేకుండానే ముచ్చటగా పొంగుతాయి.

కొన్ని ప్రమాదాలు పాత్రవి కావు, పదార్థానివి. పెంకుతో ఉన్న గుడ్డు, ఉడికించి ఒలిచిన గుడ్డు కూడా, లోపల ఆవిరి చిక్కుకుని పేలుతుంది, ఒక్కోసారి ఓవెన్‌లోంచి తీసి కొరికినప్పుడు. తాపేశ్వరం మడత కాజాను వెచ్చబరచాలనుకునేవారు పది సెకన్లు దాటనివ్వకూడదు. పైపొర గోరువెచ్చగా ఉండగానే మడతల్లోని పాకం నాలుక కాల్చేంత వేడెక్కుతుంది. మామూలు నీళ్లలోనూ ఒక మోసం ఉంది. నున్నని కొత్త గాజు గ్లాసులో నీళ్లు బుడగ పుట్టే ఆధారం దొరకక, 100 డిగ్రీలు దాటినా మరగకుండా నిశ్చలంగా ఉండవచ్చు. అందులో కాఫీపొడి వేసినా, చెంచా పెట్టినా ఒక్కసారిగా పొంగి చేతి మీదికి, ముఖం మీదికి చిమ్ముతుంది. ముందే ఒక చెక్క చెంచా వేసి ఉంచడం, ఆగాక అర నిమిషం ఆగి తీయడం దీనికి విరుగుడు. ఎండుమిరపకాయలను ఓవెన్‌లో వేయిస్తే ఇల్లంతా దగ్గుతుంది, కాస్త ఏమరితే అంటుకుంటాయి కూడా. లోపల మంట కనిపిస్తే తలుపు తీయకూడదు. స్విచ్చి ఆపి, గాలి అందక మంట దానంతటదే ఆరే దాకా వేచి ఉండాలి.

ఓవెన్ మీద మనం పెట్టుకునే నమ్మకాల్లో నాకు అన్నిటికన్నా ఆందోళన కలిగించేది అన్నానికి సంబంధించినది. రాత్రి మిగిలిన అన్నం గట్టు మీదే తెల్లవారితే, పొద్దున బాగా వేడిచేస్తే సరిపోతుందని అనుకుంటాము. బియ్యంలో సహజంగా ఉండే బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు ఉడికినా చావవు, మన ఉక్కపోతలో అవి మొలకెత్తి అన్నంలో విషాన్ని విడుస్తాయి. వాంతులు కలిగించే ఆ విషం 121 డిగ్రీల దగ్గర గంటన్నర వేడిచేసినా నిలుస్తుంది. కానాగంత, వంజరం వంటి సముద్రపు చేపలు ఎండకు పాడైనప్పుడు పుట్టే హిస్టమిన్ కూడా అంతే. ఓవెన్ సూక్ష్మజీవులను చంపగలదు గాని అవి వదిలిపోయిన విషాలను తీసివేయలేదు. వండిన రెండు గంటల్లోపు, వేసవిలో గంటలోపు, వెడల్పు గిన్నెలో పరచి ఫ్రిజ్‌లో పెట్టిన అన్నాన్నే మరునాడు వేడిచేయాలి. చెంచాడు నీళ్లు చిలకరించి, వదులుగా మూతపెట్టి, నడుమ భాగం కూడా పొగలు కక్కేలా, అంటే సుమారు 75 డిగ్రీలకు చేరేలా చేయాలి.

రేడియేషన్ అనే మాట విని భయపడేవారి సంగతి క్లుప్తంగా చెప్పవచ్చు. ఈ తరంగాలు రేడియో తరంగాల జాతివి, ఆహారాన్ని రేడియోధార్మికం చేయలేవు, మీట ఆగిన మరుక్షణం లోపల ఏమీ మిగలదు. తలుపు అద్దంలోని జల్లెడ రంధ్రాలు ఒకటి రెండు మిల్లీమీటర్లవి, 12 సెంటీమీటర్ల తరంగం వాటిలోంచి దూరలేదు. ఉపరితలం నుంచి 5 సెంటీమీటర్ల దగ్గర చదరపు సెంటీమీటరుకు 5 మిల్లీవాట్లు మించకూడదన్నది ప్రమాణం. అర మీటరు దూరం జరిగితే తీవ్రత అందులో సుమారు నూరోవంతుకు పడిపోతుంది. ఫోను లోపల పెట్టి, మోగితే ఓవెన్ కారుతున్నట్టేనని చేసే పరీక్షకు అర్థం లేదు, ఎందుకంటే ఫోను అతి బలహీనమైన సంకేతానికి కూడా మోగుతుంది. తలుపు ఒంగినా, గొళ్లెం వదులైనా, అంచున తుప్పు పట్టినా మాత్రం వాడకం ఆపాలి.

తుప్పు మన తీరానికి దగ్గరి మాట. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలికి లోపలి రంగు పెచ్చులూడి, లోహం బయటపడినచోట రవ్వలు లేస్తాయి. లోపలి గోడకు బిగించి ఉండే అట్టముక్క లాంటి మైకా పలకను కొందరు ప్యాకింగ్ అనుకుని పీకేస్తారు. అది మాగ్నెట్రాన్ దారికి మూత. దాని మీద నూనె చింది మాడితే అక్కడే నిప్పు పుడుతుంది కనుక తడిగుడ్డతో తుడుస్తూ ఉండాలి, నల్లబడితే మార్పించాలి. 800 వాట్ల వేడినిచ్చే ఓవెన్ గోడ నుంచి 1,200 వాట్లకు పైగా లాగుతుంది, కాబట్టి ఎర్తింగ్ ఉన్న 16 ఆంపియర్ల ప్లగ్గుకే తగిలించాలి, ఎక్స్‌టెన్షన్ తీగకు కాదు. బొద్దింకలు, బల్లులు వెచ్చదనానికి వెనుక జాలీలోంచి లోపలికి చేరతాయి గనుక గోడకు ఆనించకుండా ఖాళీ వదలాలి.

వరద సంగతి లంక గ్రామాలవారికి చెప్పనక్కరలేదు; 2022 జూలైలో గోదావరి ఇళ్లలోకి వచ్చినప్పుడు ఫ్రిజ్‌లు, ఓవెన్లు నీళ్లలో నానాయి. అలా తడిసిన ఓవెన్‌ను నాలుగు రోజులు ఎండబెట్టి స్విచ్చి వేయడం చాలా ప్రమాదం. బయట పొడిగా ఉన్నా లోపలి ట్రాన్స్‌ఫార్మర్ చుట్లలో ఒండ్రు, తేమ నిలిచే ఉంటాయి. ఇంట్లో స్క్రూడ్రైవరు పట్టి తెరిచి చూడడం అంతకన్నా ప్రమాదం, ప్లగ్గు తీసేసిన తరువాత కూడా లోపలి కెపాసిటర్‌లో 2,000 వోల్టుల స్థాయి విద్యుత్తు నిలిచి ఉండవచ్చు. దానిని ఖాళీ చేసే పద్ధతి తెలిసిన మెకానిక్కు వచ్చే దాకా ఆ పెట్టె మూసే ఉండాలి, పులుసు పొయ్యి మీద వేడెక్కుతుంది.